సత్యభామ చేతి విల్లు మనకు కొత్తా?

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, సీతమ్మను యోధురాలిగా చూపించిన నవలల్ని అరలోంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. అమ్మవారి చేత కత్తి పట్టించడం అపచారమని కొందరు పెద్దలు అన్నారట. ఇన్నేళ్ళూ తెలుగు పాఠం చెప్పినదాన్ని, మనసు ఒప్పక రాస్తున్నాను.

దీపావళి సాయంత్రం పిల్లలు గోగుకాడలతో దివిటీలు కొడుతుంటే మనం చెప్పే కథ ఎవరిది? సత్యభామదే కదా! సంస్కృత భాగవతంలో ఆవిడ కృష్ణుడితో గరుత్మంతుడి మీద వెళ్తుంది గానీ యుద్ధం చెయ్యదు. మన తెలుగులో 14వ శతాబ్దంలోనే నాచన సోమన అనే కవి ఆవిడ చేతికి విల్లిచ్చి నరకుడి మీదికి పంపాడు. తర్వాతి శతాబ్దంలో పోతన ఆ ఘట్టాన్ని మళ్ళీ రాశాడు. అటు శత్రువు మీద కోపం, ఇటు మొగుడి మీద వలపు, రెండూ ఒకే ముఖంలో ఒకే క్షణంలో! క్లాసులో ఆ పద్యం చదివితే వెనక బెంచీ పిల్లలు కూడా కిక్కురుమనేవారు కాదు. పోతనను అపచారం చేశాడని ఎవరన్నా అన్నారా?

ఇప్పటి నవలలన్నీ నాకు నచ్చాయని చెప్పను. కొన్నింట్లో నాయికకు కత్తి ఇచ్చి, మనసు ఇవ్వడం మరిచిపోయారు. సినిమా ఫైట్లు చదువుతున్నట్టే ఉంటుంది. పోతన సత్యభామ విల్లు పట్టినా సత్యభామే. ఆ అలకా, ఆ అతిశయం ఎక్కడికీ పోవు. ఈ తేడా పిల్లలకు తెలియాలంటే ముందు రెండూ చదవాలి. తాళం వేస్తే ఏం తెలుస్తుంది?

మొన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఆ గ్రంథాలయం నుంచి ఉత్త చేతులతో మా అరుగు మీదికి వచ్చింది. "టీచరుగారూ, సీతమ్మ నిజంగా యుద్ధం చేసిందాండీ?" అంది. వాల్మీకంలో లేదనీ, అద్భుత రామాయణంలో మాత్రం వెయ్యి తలల రావణుణ్ణి సీతే చంపిందనీ చెప్పాను. ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని వెంటనే అడిగింది.

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. జిల్లా అధికారులు ఆ బీరువా తాళం తీయించి నవలల్ని మళ్ళీ అరలో పెట్టించాలి. వాటి పక్కనే పోతన భాగవతంలో ఈ సత్యభామ కథ ఉన్న దశమ స్కంధం, తేలిక తెలుగు తాత్పర్యంతో ఉన్న ప్రతులు నాలుగైనా ఉంచాలి. డబ్బు లేదంటే ఆ నాలుగు ప్రతులూ నేనే కొనిస్తాను.

- ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, అమలాపురం