పటం కింద స్కేలు గీత కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైతే చాలు, పత్రికల్లో మన విజయవాడను ముంచే బుడమేరు వాగు మీద కథనం వస్తుంది, పక్కనే ఒక పటమూ ఉంటుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఒక చుక్క, సింగ్‌నగర్ దగ్గర ఒక చుక్క, మధ్యలో నీలం గీత. ఆ చుక్కల మధ్య ఎంత దూరమో, పటం ఏ సంవత్సరానిదో ఎక్కడా ఉండదు. మేం పాయకాపురంలో ఉంటాం. 2024 సెప్టెంబరు వరద మా వీధిలోకే వచ్చింది. కాబట్టి ఆ గీత ఎటు పోతుందో మేం జాగ్రత్తగానే చూస్తాం.

నేను గాంధీనగర్‌లో డీటీపీ పని చేస్తాను. ఇలాంటి పటాల్లో చాలావరకు ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్లేనని చూడగానే తెలిసిపోతుంది. 1080 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ అంగుళానికి 300 చుక్కల లెక్కన 3.6 అంగుళాలకు మించి నిలవదు. దాన్ని అర పేజీకి సాగదీస్తే వీధి పేర్లు అలుక్కుపోతాయి.

వరద తర్వాత మా కాలనీ సంఘం వాళ్లు ఒక చిన్న పుస్తకం వేద్దామన్నారు. అందులో పటం పని నాకు వచ్చింది. అలా పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, మామూలు కంప్యూటర్‌లోనే నడుస్తుంది. వీధులు, కాలవలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటం నుంచి తీసుకున్నాను. అదీ ఉచితమే, కాకపోతే వాళ్ల పేరు పటం మీద వేయాలన్నది షరతు. అందులో మన వీధుల పేర్లు చాలావాటికి తెలుగులో లేవు. ఎవరైనా ఖాతా తెరిచి చేర్చవచ్చు. సెలవుల్లో కాలేజీ పిల్లలు తలచుకుంటే అయిపోయే పని.

కొలతల దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. గుండ్రటి భూమిని చదునుగా పరిచి చూపడానికి రకరకాల పద్ధతులున్నాయి. తెర మీద మనం చూసే పటాలు చాలావరకు వెబ్ మెర్కేటర్ పద్ధతివి. విజయవాడ ఉన్న అక్షాంశం దగ్గర అది దూరాలను సుమారు 4 శాతం పెంచి చూపిస్తుంది. భూమిని నిలువు పట్టీలుగా విడదీసి కొలిచే యూటీఎం పద్ధతిలో, మన ప్రాంతానికి వర్తించే 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకుంటే ఆ తేడా దాదాపు పోతుంది. మా పటం 1:10,000లో వేశాం. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు. ఏ3 కాగితం పొడవున నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పడుతుంది.

నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్నది మాత్రం కంప్యూటర్ చెప్పలేదు. ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు. మా సందులు రెండు ఒకే గడిలో పడతాయి. గోడల మీద మరకలు చూసి, ఇళ్లవాళ్లను అడిగి గీశాం. ఈ సంగతి పటం కిందే రాశాం, లేకపోతే సర్వే చేసి గీశారనుకుంటారు.

ఇక అచ్చు. తెర మీద మెరిసే నీలం నాలుగు రంగుల అచ్చులో ఊదాకు తిరుగుతుంది. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చేస్తుంది కాబట్టి ముదురు నీలం మీద తెల్లటి చిన్న అక్షరాలు వేస్తే పూడిపోతాయి. అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది. లేత నీలం మీద నలుపు ఒక్క ప్లేటుతోనే అక్షరాలు వేస్తే ప్లేట్లు ఒక వెంట్రుకవాసి జరిగినా చదవగలం. తెలుగు ఫాంట్లతో మరో తంటా. ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ అక్షరాలతో చేసిన ఫైల్ పాత పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఉన్న ప్రెస్‌కు వెళితే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చే ఆప్షన్ ఎంచుకుంటే ఆ టెన్షన్ ఉండదు. డీటీపీలో వాడే పాత ‘అను’ ఫాంట్ల అందం యూనికోడ్ ఫాంట్లు అన్నిటికీ రాలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పటానికి అందం కన్నా చదవగలగడం ముఖ్యం.

ఇంత చెప్పింది మీ డెస్కువాళ్లకు పాఠం చెబుదామని కాదు. రాత్రి పదింటికి పేజీ వదలాల్సిన వాళ్లు యూటీఎం జోన్లు చూస్తూ కూర్చోలేరని నాకు తెలుసు. ఒక్క పని చేయమంటున్నాను. 1:10,000 అని అంకె వేస్తే, పటాన్ని రెండు కాలమ్‌లకు కుదించగానే అది తప్పయిపోతుంది. స్కేలు గీత, అంటే నేల మీద ఇంత దూరం అని గుర్తులు పెట్టిన చిన్న గీత, వేస్తే బొమ్మతో పాటు అదీ కుదించుకుపోతుంది, కొలత చెడదు. దాని పక్కన ఉత్తరం గుర్తు, పటం ఎక్కడిది, ఏ నెలదన్న ఒక్క లైను ఉంటే చాలు. బుడమేరు పటం ఒకటి ఇలా తయారుచేసి పెట్టుకుంటే ఏటా దాన్నే సరిచేసి వాడుకోవచ్చు. కావాలంటే మా కాలనీ పటం ఫైలు ఉచితంగా ఇస్తాం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మాత్రం తీసేయకండి.

– ఒక డీటీపీ ఆపరేటర్, పాయకాపురం, విజయవాడ