డిగ్రీ సైన్స్ పిల్లలకు పుస్తకం మూసి రాయడం అలవాటు చేద్దాం

సంపాదకులకు నమస్కారం.

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, పత్రికల చదువుల పేజీల్లో ఇంపార్టెంట్ ప్రశ్నలు, పది రోజుల ప్రిపరేషన్ ప్లాన్లు కనిపిస్తాయి. మీ పత్రికలోనూ వస్తున్నాయి. పిల్లలు వాటిని ఫోన్‌లో ఫొటో తీసి గ్రూపుల్లో పంపుకుంటారు. వేసేవాళ్లు పిల్లల మేలు కోరే వేస్తున్నారని నాకు తెలుసు. కానీ అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో 26 ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, ఆ పది రోజుల చదువు ఎక్కడికి దారి తీస్తుందో ప్రతి ఏడాదీ కళ్లారా చూస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మొన్న సెమిస్టర్‌లో ఒక అబ్బాయి ఇంటర్నల్ పేపరు దిద్దాను. ప్రథమ క్రమాంక చర్యకు, అంటే పదార్థం ఎంత ఉంటే అంత వేగంగా తగ్గే చర్యకు, రేటు సమీకరణం డెరివేషన్ అడిగాను. అక్షరం పొల్లు పోకుండా రాశాడు, 2.303 దగ్గర నుంచి అర్ధాయువు 0.693 బై కె దాకా అన్నీ ఉన్నాయి, చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది. పదికి పది వేశాను. తర్వాత పేపర్లు ఇచ్చేటప్పుడు ఊరికే అడిగాను, "బాబూ, ఒక పదార్థం 80 గ్రాములుంది, అర్ధాయువు 20 నిమిషాలు, గంట తర్వాత ఎంత మిగులుతుంది?" అని. వాడు ఫార్ములా వెతుక్కున్నాడు, లాగరిథమ్ టేబుల్ కావాలన్నాడు. ఇరవై నిమిషాలకు సగం అంటే 40, ఇంకో ఇరవైకి 20, ఇంకో ఇరవైకి 10 అని వేళ్ల మీద చెప్పొచ్చని వాడికి తట్టలేదు. అర్ధాయువు అంటే సగమయ్యే కాలం అని ఆ పేపర్లో తనే రాశాడు! ఆ రోజు నాకు ఇంటికొచ్చాక కూడా మనసు మనసులో లేదు, ఎందుకంటే ఆ పదికి పది వేసింది నేనే.

వాడు చదవని పిల్లవాడు కాదు, రాత్రి పన్నెండు దాకా చదువుతాడట, వాళ్లమ్మే చెప్పింది. అసలు చిక్కు అక్కడే ఉంది. మన ఇళ్లల్లో పుస్తకం తెరిచి ఉంటే, పెదాలు కదులుతుంటే పిల్లలు చదువుతున్నట్టే లెక్క. ఒకే పేజీని నాలుగుసార్లు చదివితే అది కళ్లకు అలవాటవుతుంది, అలవాటైనది వచ్చేసినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసి తెల్ల కాగితం ముందు పెట్టుకుంటే గానీ ఎంత వచ్చో తెలియదు. దీని మీద మంచి ప్రయోగమే ఉంది. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు, మరికొందరి చేత ఒక్క విడతే చదివించి మూడు విడతలు ఏమీ చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు, సుమారు 83 శాతానికి 71 శాతం. అదే వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు 40 శాతం దాకా గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. రేపు పరీక్ష అంటే రాత్రంతా చదివినా గట్టెక్కచ్చు, కానీ రెండో సెమిస్టర్‌లో మొదటి సెమిస్టర్ పాఠం అవసరమైనప్పుడు బుర్రలో ఏమీ మిగలదు. సైన్స్‌లో వచ్చిన చిక్కు అదే, కింద రాయి కదిలితే పైది నిలబడదు.

ఇంటర్ నుంచి డిగ్రీకి వచ్చేటప్పుడు జరిగే మార్పు గురించి కూడా ఎవరూ పిల్లలకు చెప్పరు. రెండేళ్లు హాస్టల్లో ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, పక్కన ఒకరు కూర్చుని చదివిస్తారు. వీకెండ్ టెస్టులు, ర్యాంకులు, బిట్లు, షార్ట్‌కట్లు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లాంటి పరీక్షలో 3 గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు పెట్టాలి కాబట్టి ఆ చదువు ఆ పరీక్షకు సరిపోయింది. డిగ్రీలోకి రాగానే అడిగేవాళ్లు ఉండరు. మధ్యాహ్నానికో సాయంత్రానికో క్లాసులు అయిపోతాయి, తర్వాత వాళ్ల ఇష్టం. సీటు రాలేదన్న బాధ కూడా చాలామందికి లోపల ఉంటుంది. ఆ ఖాళీలో మొదటి సెమిస్టర్ ఇట్టే గడిచిపోతుంది, అక్కడ రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ పడితే మూడేళ్లూ అవి వెంటాడతాయి. అందుకే మొదటి నెల చాలా ముఖ్యమని ప్రతి ఏడాదీ క్లాసులో చెబుతాను. ఒకసారి క్లాసు ఎగ్గొట్టడం, మర్నాడు అర్థం కాకపోవడం, అర్థం కాలేదని మళ్లీ ఎగ్గొట్టడం, అంతా ఆ నెలలోనే మొదలవుతుంది.

నేను పిల్లలకు చెప్పేది చిన్న పని. ఈ రోజు క్లాసులో విన్నది ఈ రోజు రాత్రే, నోట్సు చూడకుండా, ఒక తెల్ల కాగితం మీద రాయండి. ఇరవై నిమిషాలు చాలు. రానిచోట ఖాళీ వదిలేయండి. తర్వాత నోట్సు తెరిచి ఆ ఖాళీలు వేరే రంగు పెన్నుతో నింపండి. ఆ వేరే రంగులో ఉన్నదే మీరు నిజంగా చదవాల్సింది, మిగతాది మీకు వచ్చేసింది. మూడు రోజులు పోయాక అదే పాఠం మళ్లీ ఒకసారి, ఆదివారం ఇంకోసారి, అప్పుడు ఆ రంగు ఎంత తగ్గిందో చూసుకోండి. ప్రాబ్లమ్స్ అయితే సాల్వ్ చేసి ఉన్నవి చదవద్దు. చదివితే అన్నీ తేలిగ్గానే ఉంటాయి. జవాబు మీద చెయ్యి పెట్టి మూసి, సొంతంగా పదిహేను నిమిషాలైనా కుస్తీ పట్టి, అప్పుడు చూడండి. రాకపోయినా ఆ పదిహేను నిమిషాలు వృథా కావు, ఎక్కడ ఆగిపోయారో తెలిసింది కదా. అన్నీ ఒకే రకం లెక్కలు వరసగా చేయకుండా రెండు మూడు పాఠాలవి కలిపి చేస్తే ఇంకా మంచిది, పరీక్షలో ఏ లెక్క ఏ పాఠంలోదో ఎవరూ చెప్పరు.

జవాబు వచ్చాక అది సబబుగా ఉందా అని ఒక్క క్షణం ఆగి చూడటం ఇంకో అలవాటు. పది టు ది పవర్ ఆఫ్ మైనస్ 8 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అని అడిగితే క్లాసులో సగం మంది ఆ మైనస్ 8 చూసి టక్కున 8 అంటారు. ఆమ్లం పీహెచ్ 8 ఎట్లా అవుతుందమ్మా, 7 దాటితే క్షారం కదా అని అడిగితే అప్పుడు నిశ్శబ్దం. నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లను కలుపుకుంటే సుమారు 6.98 వస్తుంది. లెక్క చేయలేకపోయినా పర్వాలేదు, 8 అని రాసిన చెయ్యి అక్కడ ఆగి అనుమానపడితే చాలు, సైన్స్ మొదలైనట్టే.

ల్యాబ్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. చాలా చోట్ల ల్యాబ్ అంటే రికార్డు. సీనియర్ల రికార్డు తెచ్చుకోవడం, రీడింగులు దించుకోవడం, సంతకం. టైట్రేషన్‌లో, అంటే గీతలున్న బ్యూరెట్ గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని చుక్కలుగా ఇంకోదాంట్లోకి వదిలి ఎంత పట్టిందో కొలిచే ప్రయోగంలో, మూడు రీడింగులూ పాయింట్‌తో సహా ఒకటే వచ్చాయంటే బ్యూరెట్ ముట్టుకోలేదని నాకు చూడగానే తెలిసిపోతుంది. కానీ నిరుడు ఒక అమ్మాయి పర్మాంగనేట్ టైట్రేషన్ చేస్తోంది. ఆక్సాలిక్ ఆమ్లంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడి చేసి తెచ్చుకుంది, బ్యూరెట్ నుంచి మొదటి చుక్కలు వదిలింది. వంగపండు రంగు అలాగే నిలిచిపోయింది. ఎండ్ పాయింట్, అంటే చర్య పూర్తయి రంగు నిలిచిపోయే ఘట్టం, అప్పుడే వచ్చేసిందేమోనని భయపడి నా వైపు చూసింది. కలుపుతూ ఉండమన్నాను. ఫ్లాస్కు తిప్పుతూ ఉంటే కాసేపటికి రంగు మెల్లగా పోయింది. తర్వాత వదిలిన చుక్కలు మాత్రం పడీ పడగానే మాయమవుతున్నాయి. "మేడమ్, మొదటిది అంతసేపు ఎందుకుంది, ఇవి ఎందుకు ఉండట్లేదు?" అని అడిగింది. జవాబు నేను చెప్పలేదు. ఈ చర్యలో కొత్తగా ఏం పుడుతోందో సమీకరణం రాసుకుని చూడమన్నాను. రికార్డు వెనక పేజీలో పెన్సిల్‌తో రాసుకుంది, మాంగనీస్ అయాన్ల దగ్గర ఆగింది, "ఇవే ఉత్ప్రేరకమా మేడమ్? అంటే మొదట్లో అవి లేవు, అందుకే లేటు!" అంది. స్వయం ఉత్ప్రేరణ, అంటే చర్యలో పుట్టిన పదార్థమే ఆ చర్యను వేగవంతం చేయడం, అనే రెండు మార్కుల ప్రశ్నను ఆ అమ్మాయి అప్పటికే బట్టీ పట్టి ఉంది, క్లాసులో అడిగితే ఉదాహరణతో సహా అప్పజెప్పేది. ఆ ఉదాహరణే తన చేతిలో ఉన్న ఫ్లాస్కు అని ఆ మధ్యాహ్నమే తెలిసింది. పిల్లలను నేను కోరేది ఒక్కటే, ల్యాబ్‌కు వచ్చే ముందు రోజు ఆ ప్రయోగం ఒక పేజీ చదివి, ఏ రంగు ఎందుకు మారుతుందో ఊహించుకుని రండి, మీ రీడింగు తప్పొచ్చినా అదే రాయండి, ఎందుకు తప్పిందో కింద రెండు వాక్యాలు రాయండి. ఆ రెండు వాక్యాలకు నేను మార్కులిస్తాను, దించుకున్న కరెక్టు రీడింగుకు ఇవ్వను.

భాష సంగతి ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. పల్లెల్లో తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలకు సబ్జెక్టు కంటే ముందు వాక్యమే అర్థం కాదు, అర్థం కానిది బట్టీ పట్టక ఏం చేస్తారు? వాళ్ల తప్పు లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ దాకా సైన్స్ పుస్తకాలు తెలుగులో తెచ్చింది, పాత లైబ్రరీల్లో ఇంకా ఉన్నాయి, అట్ట ఊడిపోయినవైనా సరే తీసి చదవమంటాను. ముందు తెలుగులో అర్థం చేసుకుని, పక్కింటి పిల్లకు చెప్పినట్టు తెలుగులోనే పైకి చెప్పుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులో రాయండి. జేబులో పట్టే చిన్న పుస్తకంలో ఒకవైపు ఈక్విలిబ్రియం, ఎదురుగా సమతాస్థితి, ఒకవైపు మొమెంటమ్, ఎదురుగా ద్రవ్యవేగం, ఇలా రోజుకు ఐదు మాటలు రాసుకుంటే సెమిస్టర్ అయ్యేసరికి నాలుగు వందలకు పైనే అవుతాయి. తెలుగులో ఆలోచించడం తక్కువతనం అని ఎవరన్నా అంటే నమ్మకండి.

టైమ్ లేదంటారు, నిజమే. ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి బస్సు పాసు మీద వచ్చేవాళ్లకు రానూ పోనూ రెండు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. శెనక్కాయల పని వస్తే ఇంట్లో అందరితో పాటు చేనికి పోవాల్సిందే, ఆ రోజుల్లో హాజరు తగ్గిందని ఆ పిల్లల్ని నేను తిట్టను. వాళ్లకు నేను చెప్పేది, బస్సులో పుస్తకం తెరవద్దు, కుదుపులకు కళ్లు నొప్పి తప్ప ఏమీ రాదు. కిటికీ పక్కన కూర్చుని, నిన్నటి క్లాసు మొదటి నుంచి చివరి దాకా మనసులో చెప్పుకోండి. ఎక్కడ ఆగితే అది ఒక చీటీ మీద రాసుకుని కాలేజీకి రాగానే నన్ను అడగండి. అలా చీటీతో వచ్చేవాళ్లు క్లాసుకు నలుగురైదుగురు ఉంటారు, వాళ్ల మీద నాకు బెంగ లేదు. నిద్ర మాత్రం మానుకోవద్దు. పగలు నేర్చుకున్నది మెదడులో గట్టిపడేది నిద్రలోనే, టీలు తాగి తెల్లవారుజామున మూడింటి దాకా మేల్కొని రాసే పరీక్షలో తెలిసినది కూడా చేతికి రాదు.

అధ్యాపకులుగా మా బాధ్యత కూడా ఉంది. ప్రశ్నపత్రం ఏటా అవే ప్రశ్నలతో వస్తే పిల్లలు ఇంపార్టెంట్లే చదువుతారు, చదవక ఏం చేస్తారు? ఎక్స్‌టర్నల్ 75 మార్కుల పేపరు మా చేతిలో లేకపోవచ్చు, ఇంటర్నల్ 25 మాత్రం మా చేతిలోదే. ఆ పదికి పది వేసిన రోజు నుంచి నా ఇంటర్నల్ పేపర్లో ప్రతి డెరివేషన్ కింద నోటితో చేయగలిగిన ఒక చిన్న లెక్క పెడుతున్నాను. మొదటిసారి క్లాసంతా ఖాళీగా వదిలేశారు. మూడోసారికి సగం మంది రాశారు.

మీకు ఒక విన్నపం. పరీక్షల ముందు ఇంపార్టెంట్ ప్రశ్నలు వేసే చోటునే, సెమిస్టర్ మొదలైన వారం నుంచి వారానికి ఒక్క ప్రశ్న వేయండి. పైన చెప్పిన 80 గ్రాముల లెక్క లాంటిది, జవాబు లేకుండా. జవాబు వచ్చే వారం వేయండి, ఆ ఏడు రోజులూ పిల్లలు తల పట్టుకుని ఆలోచించనీ. ఫిజిక్స్, బోటనీ, జువాలజీ చెప్పే సహోద్యోగులను నేను అడుగుతాను, వాళ్లు కాదనరు. కెమిస్ట్రీ ప్రశ్నలు నేను పంపుతాను. మొదటి ఐదూ ఈ ఉత్తరంతో పాటే కవర్లో పెట్టాను.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు,
అనంతపురం జిల్లా