పెన్ డ్రైవ్ పీకొద్దు, దించండి

సంపాదకుల వారికి,

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే, లంక గ్రామాల్లో ముందు పశువులు, తర్వాత బియ్యం, ఆ తర్వాత ట్రంకు పెట్టెలోని కాగితాలు మెరకకు చేరతాయి. పట్టాదారు పాసుపుస్తకం, కౌలు కార్డు, పిల్లల సర్టిఫికెట్లు తడిస్తే మళ్లీ సంపాదించడానికి ఎన్ని జతల చెప్పులు అరగాలో 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో వాటిని స్కాన్ చేయించి పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటున్నారు. మంచి పనే. కాకపోతే పెన్ డ్రైవ్ ఎలా వాడాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరు. తీరా అవసరానికి తెరిస్తే ఖాళీ. అలాంటప్పుడు డ్రైవ్ చచ్చిపోయిందనుకుని పారేస్తారు గానీ, చాలాసార్లు లోపలి చిప్పు నిక్షేపంగా ఉంటుంది.

ముందు కొనడం సంగతి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రంగుల్లో స్కాన్ చేస్తే ఫైలు సుమారు ఒక ఎంబీ వస్తుంది. రెండు వందల కాగితాలున్నా 200 ఎంబీయే, కాబట్టి 16 జీబీ డ్రైవ్ కూడా ఎక్కువే. నాలుగైదు వందలకే 2 టీబీ అని సంతలోనో ఆన్‌లైన్‌లోనో అమ్మేవి మోసం. లోపల ఉండే చిప్పు చిన్నది, కంప్యూటర్‌కు మాత్రం పెద్ద అంకె చెప్పేలా మార్చి ఉంటారు. చిప్పు నిండాక కూడా ఫైళ్లు ఎక్కుతున్నట్టే కనిపిస్తాయి, తెరిస్తే తెరుచుకోవు. 64 జీబీ డ్రైవ్ 59 అని చూపించడం మాత్రం మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున. అనుమానముంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్‌ను పూర్తిగా నింపి, తిరిగి చదివి, నిజం చెబుతుంది. సెకనుకు 8 ఎంబీ రాసే మామూలు డ్రైవ్ 32 జీబీ నిండడానికే గంట దాటుతుంది, ఓపిక పట్టాలి.

ఇక ఎక్కించడం. డ్రైవ్ పెట్టాక ‘దిస్ పీసీ’ తెరిస్తే ఈ అనో ఎఫ్ అనో అక్షరంతో కనబడుతుంది. కావలసిన ఫైలు మీద ఒకసారి నొక్కి కంట్రోల్ సి, డ్రైవ్ తెరిచి కంట్రోల్ వి. కట్ వాడొద్దు. కరెంటు మధ్యలో పోయిందంటే ఏది ఎక్కిందో, ఏది ఎక్కడుందో వెతుక్కోవడమే పనవుతుంది. కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు ఇంకొకటుంది. డెస్క్‌టాప్ మీద మూలన చిన్న బాణం గుర్తున్న బొమ్మ అసలు ఫైలు కాదు, దాని చిరునామా (షార్ట్‌కట్) మాత్రమే. దాన్ని కాపీ చేసుకుని ఇంకో ఊరు వెళితే అక్కడ తెరుచుకునేది ఏమీ ఉండదు. సైజు ఒకటి రెండు కేబీలే చూపిస్తోందంటే అది చిరునామాయే. కాపీ అయ్యాక డ్రైవ్‌లోంచే రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ‘స్కాన్0001’ అన్న పేర్లు వదిలేయకుండా ఎవరి కాగితమో, ఏ కాగితమో పేరులోనే రాయండి. ఏడాది తర్వాత రాత్రిపూట కంగారులో వెతికేది మీరే.

శుభలేఖలు, కరపత్రాలు ఒకచోట తయారు చేయించి వేరేచోట ప్రింటు తీయించేవాళ్లకు మరో మాట. మన డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు, ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెలుగులా కనిపించదు, పిచ్చి గుర్తుల్లా ఉంటుంది. అది వైరస్ కాదు. పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వమనండి, ఫాంట్లు అందులోనే చేర్చమనండి. పెళ్లి వీడియో అయితే ఇబ్బంది వేరు. డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే, ఫైళ్లను అమర్చే పాత పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు ఎక్కదు, 20 జీబీ ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కు (అలాంటిదే కొత్త పద్ధతి) మార్చి ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది. ఫార్మాట్ అంటే అంతా తుడిచిపెట్టడమని మరవొద్దు. పైగా పాత టీవీలు, కారు స్టీరియోలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. పాటలకు ఒకటి, వీడియోలకు ఒకటి పెట్టుకోవడమే సుఖం.

అసలు నష్టమంతా తీసేటప్పుడు జరుగుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఒడ్డుకు ఆనకముందే దూకేవాడికి, తెరమీద కాపీ గీత నిండగానే పెన్ డ్రైవ్ లాగేసేవాడికి తేడా లేదు. తెరమీద నూరు శాతం అని వచ్చినా కంప్యూటర్ కొంత సరుకును తన దగ్గరే ఉంచుకుని వెనకాల ఇంకా రాస్తూ ఉండొచ్చు. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి ‘క్విక్ రిమూవల్’ (నేరుగా తీసేసే వీలు) ముందే పెట్టి ఉంటుంది కాబట్టి ఇజెక్ట్, అంటే కంప్యూటర్‌కు చెప్పి డ్రైవ్ దించడం, అక్కర్లేదనేవాళ్లున్నారు. సగమే నిజం. ఫైలు రాస్తుండగా లాగితే ఏ వెర్షనూ కాపాడదు. పైగా పక్క షాపులో ఏ వెర్షన్ ఉందో, ఏ సెట్టింగు పెట్టారో మీకేం తెలుసు? తెర కింద కుడిమూల బాణం నొక్కి, డ్రైవ్ గుర్తు మీద నొక్కి, ఇజెక్ట్ అనండి. తీయొచ్చని సందేశం వచ్చాకే తీయండి. ‘వాడుకలో ఉంది’ అంటే అందులోని ఫైలేదో తెరిచే ఉంది, మూసేయండి. అప్పటికీ మొండికేస్తే కంప్యూటర్ ఆపేసి తీయండి. ఫోన్‌కు ఓటీజీతో (పెన్ డ్రైవ్ తగిలించే చిన్న అడాప్టర్) పెట్టినా ఇదే పద్ధతి, నోటిఫికేషన్‌లోనో స్టోరేజ్ సెట్టింగుల్లోనో ఇజెక్ట్ ఉంటుంది.

అలా లాగేసిన డ్రైవ్ మళ్లీ పెడితే ‘వాడే ముందు ఫార్మాట్ చేయాలి’ అని ఒక్కోసారి అడుగుతుంది. ఒప్పుకోవద్దు. పొలం పొలంలానే ఉంది, అడంగల్లో పేజీ చిరిగిందంతే. అందులో కొత్తగా ఏమీ ఎక్కించకుండా ఇంకో పోర్టులో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఫోటోరెక్, రెకువా వంటి ప్రోగ్రాములతో ఫైళ్లను వేరే డిస్కులోకి తీయించండి. మరమ్మతు, ఫార్మాట్ ఆ తర్వాతి పని. ఫైళ్ల బదులు షార్ట్‌కట్‌లు కనిపిస్తే అది వైరస్. వాటి మీద నొక్కితే అది ఆ కంప్యూటర్‌కూ అంటుతుంది. ఫోల్డర్ తెరిచి పైన వ్యూలో ‘హిడెన్ ఐటమ్స్’కు టిక్ పెట్టి, ఆప్షన్స్‌లో ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దగ్గర టిక్ తీస్తే దాగిన అసలు ఫైళ్లు సాధారణంగా కనబడతాయి. పొరపాటున పెన్ డ్రైవ్‌లో డిలీట్ చేసింది మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, ఇదీ గుర్తుంచుకోవాలి.

నెట్ సెంటర్ల వాళ్లకు ఒక మనవి. ఖాతాదారు వెళ్లాక అతని ఆధార్, బ్యాంకు పుస్తకం స్కాన్లు మీ డెస్క్‌టాప్ మీద మిగలకూడదు. షిఫ్ట్ డిలీట్ కొట్టండి. వాళ్లు అడగరు, అడగడం తెలియదు కూడా. వినియోగదారులు కూడా ఇంట్లో దాచే డ్రైవ్‌ను షాపుకు తీసుకెళ్లొద్దు. షాపుల్లో తిరగడానికి చిన్నది వేరే పెట్టుకుని, ఆ రోజుకు కావలసిన ఒక్క ఫైలే వేసుకెళ్లండి.

దాచే డ్రైవ్‌లు రెండుండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి మెట్టలో చుట్టాలింట్లో. పరాయి ఇంట్లో ఉంచేదాన్ని సెవెన్‌జిప్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వండి. ఫ్లాష్ చిప్పులో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. ఏళ్లతరబడి వేడిలో ఊరికే పడి ఉంటే అది కరిగిపోవచ్చు. అందుకని ఏటా వేసవిలో, వరదల కాలానికి ముందే, ఫైళ్లు తెరిచి చూసి కొత్తగా ఎక్కించండి. డిజీలాకర్‌లో దొరికే పత్రాలు అక్కడా ఉంచుకోండి. స్కాన్ అసలు పత్రం కాదు గానీ, నకలు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు నంబర్లన్నీ అందులోనే ఉంటాయి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి డ్రైవ్ లోహపు కొన నల్లబడితే దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి.

డ్రైవే వరదనీటిలో పడితే కంగారు లేదు. కరెంటు లేని చిప్పును నీళ్లు సాధారణంగా చెడగొట్టవు. తడి ఉండగా కంప్యూటర్‌లో పెట్టడమే చెడగొడుతుంది. బురద పోయేలా మంచినీళ్లతో కడిగి, మూత తీసి, ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, తవుడు వెళ్లి కొనలో ఇరుక్కుంటుంది. బాగా ఆరాక పెట్టి, తెరుచుకోగానే ముందు ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి.

ఇట్లు,
కంప్యూటర్, డీటీపీ పనులు చేసే కొందరు,
అమలాపురం