మాయమైన ప్రొటీన్, నానమ్మ మునగగింజ

ఒరేయ్ కవిగారూ,

తిట్టాల్సినవన్నీ ముందు తిట్టేసి, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకదాని వెనక అమ్మ పాల లెక్క రాసేసింది. ఇక్కడ అందరూ బాగున్నారు, నాన్న మోకాలు అలాగే ఉంది, చెల్లి పరీక్షలు అయిపోయాయి, కొబ్బరి ధర అడక్కు.

నాలుగు రోజులుందామని ఊరొచ్చి ఇరుక్కుపోయాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి 13.75 అడుగులు దాటింది, రెండో హెచ్చరిక ఇచ్చారు. మా కాజ్‌వే మునిగింది. పడవే గతి.

నా లైసోజైమ్ గుర్తుందా? ఫోన్లో గంటసేపు ఏడిస్తే నువ్వు ఆవలించావే, అదే. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ప్రొటీన్. కరెంటు పెట్టిన గాజు పలకకి అది ఎంత అంటుకుంటుందో చూడటం నా పని. అసలు పని దాకా వెళ్తేగా! సీసాలో ఎంత వేశానో అంత కొలతలో కనపడటం లేదు. చిక్కగా కలిపితే లెక్క సరిపోతుంది, పలచన చేసేకొద్దీ సగానికి సగం మాయం. మా గైడ్ అయితే "పిపెట్ పట్టుకోవడం రాదు" అని అందరి ముందూ అనేశారు. ఆ రాత్రి అన్నం తినలేదు. (మూడో ఇడ్లీ మాట ఎత్తావంటే ఉత్తరం ఇక్కడితో ఆపేస్తా.)

మొన్న కుళాయిలో ఎర్రనీళ్లు వచ్చాయి. పటిక అయిపోయింది. నానమ్మ "చిల్లగింజ లేకపోతే మునగగింజ లేదా ఏంట్రా" అంటూ ఎండుకాయలు ఒలిచి, గింజల పైపొట్టు తీసి, పప్పు నూరి బిందెలో కలిపింది. చేత్తో గిరగిరా తిప్పి, తర్వాత మెల్లగా తిప్పింది. నేను పక్కన ఒక గ్లాసులో ఉత్తి ఎర్రనీళ్లు పెట్టుకుని కూర్చున్నా, పోలిక లేకుండా ఎలా చూస్తాం! గంటన్నరకి బిందెలో మట్టంతా రేకులు రేకులుగా అడుగున చేరింది. నా గ్లాసు మాత్రం టీలాగే ఉంది. "కాచకుండా తాగకు, రేపటికి ఉంచకు, వాసనొస్తుంది" అని నానమ్మ వార్నింగ్.

డాబా మీద సిగ్నల్ వచ్చే మూల నిలబడి చదివాను. మునగగింజలో ప్లస్ చార్జి ఉన్న చిన్న ప్రొటీన్ ఉందిట. బంకమట్టి రేణువుకి మైనస్. ప్రొటీన్ వెళ్లి మట్టికి అతుక్కుంటుంది, రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవడం మానేసి గుంపు కడతాయి. ఒళ్లు జలదరించిందిరా! ఎందుకంటే లైసోజైమ్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్, అంటే దాని మొత్తం చార్జి సున్నా అయ్యే పిహెచ్, 11 దగ్గర. అంతకంటే తక్కువ పిహెచ్‌లో ప్లస్ అవుతుంది, అంటే పిహెచ్ 7 నీళ్లలో అదీ ప్లస్సే. నీళ్లలో గాజుకి మైనస్. నా ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు, నా సీసా గోడలకే అతుక్కుని కూర్చుంది! గోడ పట్టేది ఒక మేరకే కాబట్టి చిక్కగా ఉన్నప్పుడు ఆ నష్టం కనపడలేదు, పలచనైనప్పుడు అదే సగమైంది.

ఇంకా ఘోరం విను. మార్చిలో ఒకరోజు పొరపాటున ఉప్పెక్కువ ఉన్న బఫర్ (పిహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం) కలిపాను. ఆరోజు లెక్క సరిగ్గా వచ్చింది. నేనేం చేశానో తెలుసా? "తప్పు" అని రాసి అడ్డంగా గీత కొట్టేశా! ఉప్పు అయాన్లు గాజు చుట్టూ మూగి దాని చార్జిని కప్పేస్తాయి. లీటరుకి ఒక మిల్లీమోల్ ఉప్పే (చిటికెడు కూడా కాదు) ఉంటే ఆ లాగుడు ఓ 10 నానోమీటర్ల దాకా తెలుస్తుంది. రక్తమంత ఉప్పులో ఒక్క నానోమీటరు కూడా రాదు. లైసోజైమ్ ఒళ్లే మూడు నాలుగు నానోమీటర్లు, ఇక దాన్ని దూరం నుంచి పట్టిలాగేది ఏముంది? పలక మీద కరెంటు పెట్టినా ఇదే గొడవ. పోనీ వోల్టేజి పెంచుదామా అంటే 1.23 వోల్టులు దాటాక నీళ్లే విడిపోవడం మొదలెడతాయి.

అలాగని అంతా చార్జే అనుకోకు. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పిహెచ్ 7 దగ్గర మైనస్, గాజూ మైనస్, అయినా కొంత అంటుకుంటుంది. ప్రొటీన్ ఒళ్లంతా ఒకే చార్జి ఉండదు, అక్కడక్కడా ప్లస్ మచ్చలుంటాయి, పైగా గాజు మీది నీటి పొర వదిలిపోవడం వల్ల కూడా... సరే, ఇది నీకు కలిసినప్పుడు చెప్తా, కాగితం చాలదు.

నీకు పనికొచ్చేది ఒకటుంది. లియో వ్రోమన్ అని డచ్ కవి, రక్తం మీద పరిశోధన చేసినవాడు. కవులు లాబ్‌కి పనికిరారని ఇంకెప్పుడూ అనను. రక్తం గాజుని తాకగానే ముందు ఆల్బుమిన్ లాంటివి చేరతాయి. తర్వాత ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రొటీన్) వచ్చి వాటిని తోసేస్తుంది, దాన్ని ఇంకోటి తోసేస్తుంది. ఆయన పేరుతోనే దాన్ని వ్రోమన్ ఎఫెక్ట్ అంటారు. అచ్చం రాజోలు బస్సులో నువ్వు కర్చీఫ్ వేసిన సీటు కథే. ఆవిడ గుర్తుందిగా, కొబ్బరికాయల సంచితో!

సోమవారం గైడ్ దగ్గర ఉప్పుతో, ఉప్పు లేకుండా పక్కపక్కనే కొలిచి చూపించాలి. ఆ గీత కొట్టిన పేజీ కూడా చూపించాలా? చూపిస్తే మళ్లీ తిడతారు, దాచేస్తే... నువ్వైతే ఏం చేస్తావో వెంటనే రాయి. నానమ్మ నీకు మునక్కాడలు కట్టి పెట్టింది, ఎలా పంప

పడవ వచ్చేసింది, కేకేస్తున్నాడు. ఉంటా!