థీమ్ పార్కు హోటల్ లెక్క ఒకసారి చూడండి: పర్యాటక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ముప్పై ఏళ్లు క్వాంటిటీ సర్వేయర్‌గా పనిచేశాను. ఎన్ని బస్తాల సిమెంటు పట్టింది, ఎన్ని చదరపు మీటర్ల టైల్స్ వేశారు, కూలి ఎంతయింది అని కొలిచి బిల్లులు పాస్ చేసే పని. అందులో తొమ్మిదేళ్లు హోటళ్ల దగ్గరే గడిచాయి. ఇప్పుడు కాకినాడలో ఇంటిపట్టునే ఉంటున్నాను. పేపర్లో "థీమ్ పార్కు, రిసార్టు, ఇన్ని వందల గదులు" అని వార్త వస్తే మా మనవలు రోలర్ కోస్టర్ బొమ్మ చూస్తారు. నా చూపు మాత్రం గదుల సంఖ్య మీదికి పోతుంది. పాత అలవాటు.

మీ ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. కొత్తగా 50 వేల హోటల్ గదులు రావాలని లక్ష్యం పెట్టుకుంది. సంక్రాంతి సెలవుల్లో విశాఖలో గది దొరక్క లాడ్జీల చుట్టూ తిరిగినవాళ్లెవరూ దీన్ని కాదనరు. అయితే ఊళ్లో హోటల్ వేరు, థీమ్ పార్కు ఆవరణలో హోటల్ వేరు. తిరుపతిలో గది కట్టినవాడికి జనాన్ని కొండ మీది స్వామే పంపిస్తాడు. పార్కు పక్కన కట్టినవాడికి పార్కే పంపాలి. ఆ పార్కుకే ఇంకా కాళ్లు నిలవకపోతే, దాని మెడకు హోటల్ అప్పు కూడా కట్టినట్టవుతుంది.

మహారాష్ట్రలోని ఇమాజికా సంగతి మీ శాఖ అధికారులకు తెలిసే ఉంటుంది. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, ఖోపోలీ దగ్గర 2013లో థీమ్ పార్కు తెరిచారు. 2014లో వాటర్ పార్కు, 2015లో నోవోటెల్ హోటల్ మొదటి విడత, 2016లో స్నో పార్కు. అప్పటికి పార్కుకు నిండా మూడేళ్లే. హోటల్ మొత్తం 287 గదులకు ప్లాన్ చేశారు. 2015 మార్చిలో షేర్లు 180 రూపాయలకు అమ్మారు. తర్వాత నాలుగైదేళ్లకు ఆ షేరు ఐదు రూపాయల లోపుకు పడిపోయింది. వెయ్యి కోట్లు దాటిన అప్పు కట్టలేక కంపెనీ చేతులెత్తేసింది. చివరికి 2022లో మల్పానీ గ్రూప్ చేతికి వెళ్లింది, బ్యాంకులు తమకు రావాల్సిన దాంట్లో పెద్ద భాగం వదులుకున్నాయి. అలాగని రైడ్లు బాగోలేవని ఎవరూ అనలేదు. నేనూ ఒకసారి వెళ్లాను, బాగానే ఉన్నాయి. ముంచింది వడ్డీ.

మనవాళ్లకు అనుభవం లేక అలా అయిందనుకోవడానికీ వీల్లేదు. డిస్నీ లాంటి కంపెనీయే పారిస్ దగ్గర ఇలా బోల్తా పడింది. 1987లో ఫ్రాన్స్ ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం చేసుకుంది, పారిస్ లోకల్ రైలు లైనును పార్కు గేటు దాకా వేయించింది. 1992 ఏప్రిల్ 12న పార్కు తెరిచిన రోజే చుట్టూ సుమారు 5,200 గదులు సిద్ధం. హోటళ్లు కట్టి, మంచి ధరకు అమ్మేసి, ఆ డబ్బుతో అప్పు తీర్చాలన్నది వాళ్ల ఆలోచన. అప్పుడే అక్కడ రియల్ ఎస్టేట్ పడిపోయింది, కొనేవాడు లేడు. జనమేమో పొద్దున రైలెక్కి వచ్చి, రోజంతా తిరిగి, రాత్రికి పారిస్ వెళ్లిపోయారు. ప్రభుత్వం వేసిన రైలే హోటల్‌కు పోటీ అయి కూర్చుంది! వెయ్యికి పైగా గదులున్న న్యూపోర్ట్ బే క్లబ్ హోటల్‌ను మొదటి చలికాలం మూసేశారు. 1993 ఆర్థిక సంవత్సరంలో నష్టం 530 కోట్ల ఫ్రాంకులు. తొంభైల మధ్యలో రావాల్సిన రెండో పార్కు 2002 దాకా రాలేదు. విస్తరణకు ఉంచుకోవాల్సిన డబ్బు ఖాళీ గదుల్లో ఇరుక్కుపోయింది, మంత్రి గారూ.

ఇక నాకు తెలిసిన పని గురించి. హోటల్ అంటే గోడలూ శ్లాబూ అనుకుంటారు చాలామంది. మొత్తం ఖర్చులో అవి సగం కూడా ఉండవు. డబ్బు తాగేది బాత్రూమ్. వాటర్‌ప్రూఫింగ్, వేడినీళ్ల లైను, గోడ వెనక పైపులు వెళ్లే షాఫ్ట్, ఎగ్జాస్ట్, గ్లాస్ పార్టిషన్, అన్నీ గదికొకటి చొప్పున. ఆపైన ఏసీ, ఫైర్ స్ప్రింక్లర్లు, కార్డు తాళాలు, పరుపులు. అతిథికి కనిపించని కిచెన్, లాండ్రీ, జనరేటర్లు, మురుగునీరు శుద్ధి చేసే ఎస్టీపీ వేరే. పార్కు ఊరికి దూరంగా ఉంటుంది కాబట్టి పనివాళ్లకు క్వార్టర్స్ కూడా కట్టాలి. సముద్రం పక్కనైతే ఉప్పుగాలికి స్క్రూ దగ్గర్నుంచి ఖరీదైనది వాడాలి.

ఒక బీచ్ రిసార్టులో (పేరెందుకు లెండి) మాక్-అప్ రూమ్ (ముందుగా కట్టి చూపించే నమూనా గది) ఖాయం కాకముందే తొందరపడి రెండు అంతస్తుల బాత్రూమ్‌లు పూర్తి చేయించారు. తర్వాత బ్రాండ్ తరఫు కన్సల్టెంట్ వచ్చి షవర్ ఈ పక్క కాదు, ఆ పక్క ఉండాలన్నాడు. షవర్ మారితే నేల వాలు మారుతుంది, వాలు మారితే వాటర్‌ప్రూఫింగ్ పగలగొట్టాలి. నలభై బాత్రూమ్‌లు పగలగొట్టాం. నేనే కొలిచి, నేనే బిల్లు రాశాను: కట్టినందుకు ఒకటి, కూల్చినందుకు ఒకటి, మళ్లీ కట్టినందుకు ఇంకొకటి. ఈలోపు బ్యాంకు వడ్డీ ఆగుతుందా? నిర్మాణ కాలపు వడ్డీ అంతా వెళ్లి ప్రాజెక్టు ఖర్చులోనే కలిసింది. ఆ రిసార్టు పెట్టుబడి ఎంతంటే కాగితం మీద పెద్ద అంకే కనిపిస్తుంది. అందులో కూల్చిన టైల్స్ ఎన్నో కాగితం చెప్పదు.

నా అసలు భయం ఇక్కడే ఉంది. పెట్టుబడిలో ఇంత శాతం అని రాయితీ ఇచ్చే పద్ధతిలో, ఖర్చు ఎంత ఎక్కువ చూపిస్తే రాయితీ అంత పెరుగుతుంది. తక్కువలో కట్టినవాడికి తక్కువ, తప్పులు చేసి మళ్లీ కట్టినవాడికి ఎక్కువ. రాయితీ ఫైలు మీ దగ్గరికి వచ్చే ముందు, ప్రాజెక్టుతో సంబంధం లేని ఇంజనీర్ చేత గదికి ఎంతయిందో కొలిపించండి. మేస్త్రీ లెక్క వేరు, ఆడిటర్ లెక్క వేరు.

ఓపిక పట్టినవాళ్లూ ఉన్నారు. వండర్‌లా వాళ్లు బెంగళూరు పార్కు 2005లో తెరిచారు. అక్కడ రిసార్టు కట్టింది 2012లో, అదీ 84 గదులే. 2016లో హైదరాబాద్ శివార్లలో రావిర్యాల పార్కును హోటల్ లేకుండానే తెరిచారు. మన పిల్లలు స్కూలు బస్సుల్లో వెళ్లి, తడిసి ముద్దై, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నారు. టోక్యో డిస్నీలాండ్ 1983లో మొదలైంది. పార్కు నడిపే జపాన్ కంపెనీ డిస్నీ పేరుతో తన సొంత హోటల్ తెరిచింది 2000లో, 504 గదులతో. అప్పటిదాకా చుట్టుపక్కల వేరే కంపెనీలు వాళ్ల డబ్బుతో హోటళ్లు కట్టుకున్నాయి. ఇప్పుడదే కంపెనీ 2024లో సుమారు 32 వేల కోట్ల యెన్లు పెట్టి కొత్త విభాగం, దానితో పాటు 475 గదుల హోటల్ తెరవగలిగింది.

హాంకాంగ్ పద్ధతి మన అసెంబ్లీకి పనికొస్తుంది. అక్కడి డిస్నీలాండ్‌లో సగానికి పైగా వాటా ప్రభుత్వానిది. 2017లో తెరిచిన 750 గదుల ఎక్స్‌ప్లోరర్స్ లాడ్జ్‌కు 426 కోట్ల హాంకాంగ్ డాలర్లయింది. భాగిస్తే గదికి దాదాపు 57 లక్షల డాలర్లు, అప్పటి మారకం రేటుకు మన డబ్బులో నాలుగున్నర కోట్ల పైమాటే. ఈ భాగహారం ఇంట్లో కూర్చుని నేను చేయగలుగుతున్నానంటే, వాళ్లు లెక్క బయటపెట్టబట్టే. పార్కుకు ఎంతమంది వచ్చారు, హోటళ్లలో ఎంత శాతం గదులు నిండాయి అన్నది ఏటా అక్కడి శాసనసభ ముందుకు వస్తుంది. మన దగ్గర కూడా ప్రభుత్వ భూమి లీజుకు తీసుకున్న ప్రతి పార్కు ఈ రెండు అంకెలూ ఏటా ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. రెండో విడత గదులకు అనుమతి ఆ అంకెలను బట్టే ఇవ్వండి. రైడ్లకు ఇచ్చిన భూమిలో హోటల్ పేరుతో విల్లాలు లేవకుండా కూడా చూడండి.

గదులు నిండకపోతే పెళ్లిళ్లు ఉన్నాయి కదా అంటారు ప్రమోటర్లు. నిజమే, మనవాళ్లు పెళ్లంటే ఎంతదూరమైనా వెళతారు. కానీ కల్యాణ మండపం కోసమైతే ప్రభుత్వం అన్ని ఎకరాలు ఇవ్వక్కర్లేదు. పైగా మూఢం వస్తే అదీ లేదు.

ఈసారి ఎవరైనా మీ ముందు లాప్‌టాప్ తెరిచి రిసార్టు బొమ్మలు చూపిస్తే, దసరా రద్దీ లెక్క అడగొద్దు. బడులు తెరిచి, బయట వాన పడుతుండగా, జులైలో ఒక మంగళవారం రాత్రి ఎన్ని గదులు నిండుతాయని వేసుకున్నారో అడగండి. ఆ అంకెను మినిట్స్‌లో రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్వాంటిటీ సర్వేయర్,
కాకినాడ