కెమెరా బిగించాక దాని బాగోగులు ఎవరివి?

అయ్యా,

నగరాల్లో నేరాలను పసిగట్టి అదుపు చేయడానికి కూడలి కూడలికీ నిఘా కెమెరాలు పెట్టాలన్న ప్రయత్నాన్ని నెల్లూరు వాసిగా నేను మనసారా సమర్థిస్తున్నాను. అయితే బిగించిన మర్నాటి నుంచి వాటిని ఎవరు చూసుకోవాలో తేల్చకపోతే ప్రజాధనం స్తంభాలకు వేలాడదీసినట్టే అవుతుందని మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన వల్ల తెలుసుకున్నాను.

కిందటి కార్తీక మాసంలో ఒక సోమవారం తెల్లవారుజామున మా అక్క మూలాపేట శివాలయానికి నడిచి వెళ్తుండగా, మోటారు సైకిల్ మీద వెనక నుంచి వచ్చిన ఇద్దరు ఆమె మెడలోని నాలుగు సవర్ల గొలుసు తెంపుకొని పోయారు. ఆమె కిందపడి మోచేయి విరిగింది. వీధి మలుపులో కెమెరా ఉంది కదా, దొరక్కుండా ఎక్కడికి పోతారని అందరం ధైర్యం చెప్పాం. తీరా చూస్తే కాలువ కోసం తవ్వినప్పుడు తెగిన తీగ నెలల తరబడి అలాగే వేలాడుతోంది. ఇక దుకాణాల కెమెరాలే దిక్కయ్యాయి. ఒక కిరాణా కొట్టు కెమెరాలో బండి కనిపించింది గానీ నంబరు ప్లేటు ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు మచ్చ తప్ప మరేమీ లేదు. పైగా దృశ్యాలను రికార్డు చేసే ఆ డీవీఆర్ పెట్టె గడియారం 40 నిమిషాలు వెనకబడి ఉంది. పక్క వీధి మందుల షాపు దృశ్యాలతో దాన్ని సరిచూసి బండి ఎటు మళ్లిందో తేల్చేసరికి వారం దాటింది. ఆ దారిలోని తర్వాతి కొట్టుకు వెళ్తే, “మా పెట్టెలో ఐదు రోజులకు మించి నిలవదు సార్, పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది” అన్నారు యజమాని. దర్యాప్తు చేసిన కానిస్టేబుల్ కాళ్లరిగేలా తిరిగారు. ఆయన శ్రమలో లోపం లేదు.

కూడలి మొత్తాన్ని చూపేలా ఎత్తున పెట్టిన కెమెరా రాత్రిపూట కదిలే బండి నంబరును చదవలేకపోతుంది. అందుకు ప్లేటుకు ఎదురుగా, తక్కువ కోణంలో, హెడ్‌లైట్ వెలుగును తట్టుకునే ప్రత్యేకమైన కెమెరా కావాలి. ఎన్ని పెట్టారన్న లెక్క కంటే ఏ చోట ఏ పనికి పెట్టారన్నది ముఖ్యం. ఇలాంటి కెమెరాలపై 40 ఏళ్ల అధ్యయనాలను 2019లో సమీక్షించిన పరిశోధకులు నేరాలు సగటున 13 శాతం తగ్గాయని, హింసాత్మక నేరాల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం లేదని, ఎవరైనా కూర్చుని చూస్తూ ఉన్నచోట ఫలితం మెరుగ్గా ఉందని తేల్చారు. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర కంట్రోల్ రూమ్ పెట్టి లక్షల మంది జనాన్ని కనిపెట్టుకుని ఉండటం మనం ఏటా చూస్తున్నదే. ఆ శ్రద్ధలో కొంతైనా మామూలు రోజులకు దక్కాలి.

చట్టం లేక కాదు. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే ప్రజా భద్రత చట్టం తెచ్చారు. పోలీసు స్టేషన్లన్నిటా కెమెరాలుండాలని, రికార్డు కనీసం ఏడాదైనా నిలవాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. చిన్న కొట్లకు 2013 చట్టం వర్తించకపోవచ్చు. అయినా డీవీఆర్ గడియారం సరిచేసుకోవడం, కాస్త పెద్ద హార్డ్ డిస్క్ వేయించుకోవడం భారమేమీ కాదు.

ఇంకొక సంగతి రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు, అయినా రాయాలి. మా అక్క కిందపడిన దృశ్యం రెండు రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. ఎవరు బయటపెట్టారో మాకు ఇప్పటికీ తెలియదు. చెదిరిన చీరతో రోడ్డు మీద పడి ఉన్న తనను ఊరంతా చూసిందన్న బాధ ముందు గొలుసు పోయిన బాధ ఆమెకు చిన్నదైపోయింది. అంతరంగిక గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ హక్కు వీధిలో పడిపోయిన మనిషికి కూడా ఉంటుంది. ఏ దృశ్యాన్ని ఎవరు చూశారో, ఎవరు నకలు తీసుకున్నారో రాసే రిజిస్టరు లేకుండా ఒక్క కెమెరా కూడా నడవకూడదని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి ప్రతి స్తంభం మీద కెమెరా సంఖ్యనూ, అది పాడైతే చెప్పవలసిన ఫోన్ నంబరునూ పెయింటుతో రాయించాలని, ఎన్ని పనిచేస్తున్నాయో ఎన్ని లేవో నెలనెలా వార్డుల వారీగా ప్రకటించాలని, కొనుగోలు ఒప్పందంలోనే ఐదేళ్ల నిర్వహణ ఖర్చును చేర్చాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా వీధి మలుపులో ఆ తీగ నేటికీ వేలాడుతూనే ఉంది. వచ్చే కార్తీకంలో తెల్లవారుజామున ఆడవాళ్లు మళ్లీ అదే దారిన గుడికి నడుస్తారు. ఆలోగా దాన్ని అతికించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మూలాపేట, నెల్లూరు