నువ్వు అమ్మిన కారు నన్ను ఉడికించిన సంగతి

ఒరే మామా,

ఫోన్ ఎత్తట్లేదని తిట్టుకుంటున్నావని తెలుసు. ఎత్తితే నేనే నిన్ను తిట్టేవాణ్ణి, అందుకే ఎత్తలేదు. నెలన్నర నుంచి నువ్వు నాకు అంటగట్టి వైజాగ్ వెళ్లిపోయిన ఆ కారు ముందు బానెట్ ఎత్తి నిలబడటంతోనే సరిపోయింది నా బతుకు. ఇప్పుడు బాగైంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. మొత్తం చదువు, చివర్లో నీకో బిల్లు కూడా ఉంది.

ఏప్రిల్ రెండో వారం, సాయంత్రం ఆరున్నర, మెహిదీపట్నం రైతు బజార్ దగ్గర. అక్కడ ఆ టైములో బండి నడవదు, పాకుతుంది, నీకు తెలుసుగా. ఏసీ వేసుకుని కూర్చున్నా. ఎప్పుడూ సగం దగ్గరే ఉండే ఇంజన్ వేడి చూపించే ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు పోతోంది. ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టా. ఏప్రిల్‌లో హీటర్! కానీ ఇంజన్ వేడిని కాస్తయినా లాగేది అదొక్కటే అప్పటికి, అదీ ఇంజన్ నీళ్లని చల్లబరిచే ఒక చిన్న రేడియేటరే కదా. చెమటలు కక్కుకుంటూ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కా. రెండు నిమిషాల్లో ముల్లు దానంతటదే దిగింది. అసలు రోగమేంటో కారు ఆ రోజే చెప్పేసిందిరా, నాకే బుర్రకెక్కలేదు. పరిగెడుతుంటే గాలి రేడియేటర్‌కి ఎదురొచ్చి కొడుతుంది, ఆగినప్పుడు మాత్రం ఫ్యానే దిక్కు.

రెండోసారి లంగర్‌హౌజ్ దగ్గర ఏకంగా ఆవిర్లే. నేను తడిగుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతుంటే ఓ ఆటో అన్న పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు. "కుక్కర్ మూత గిట్లనే తీస్తవా?" అన్నాడు. నిజమే, ఆ మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచుతుంది, అందుకే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీస్తే అదంతా ఒక్కసారి ఆవిరై మొహం మీదకి ఎగదన్నేది. ఆయన చెప్పినట్టే ముప్పావు గంట చెట్టు కింద కూర్చున్నా. ఆయన పేరు కూడా అడగలేదు చూడు.

తర్వాత మా ఇంటి దగ్గర షెడ్డుకి తీసుకెళ్తే వాడు ఫ్యాన్ తిరుగుతోందని చూసి, "అది బాగానే ఉంది సార్, థర్మోస్టాట్ తీసేద్దాం, మన ఎండలకి అదెందుకు" అని పీకేశాడు. నేనూ తలూపా, నాదే బుద్ధి తక్కువ. థర్మోస్టాట్ అంటే ఒక వాల్వ్, 82, 88 డిగ్రీల మధ్య ఎక్కడో తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదులుతుంది, అప్పటిదాకా ఇంజన్ త్వరగా వేడెక్కేలా నీళ్లని లోపలే తిప్పుతుంది. చాలా ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడు పక్కదారి మూస్తుంది కూడా, కాబట్టి దాన్ని పీకేస్తే కొన్ని నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగొచ్చేస్తాయి. పొద్దున ఇంజన్ వేడెక్కదు, సాయంత్రం చల్లబడదు, మైలేజీ పడిపోయింది. ఈలోగా ఆఫీసులో ఒకడు హెడ్ గ్యాస్కెట్, అదే ఇంజన్ బ్లాకుకీ దాని పైన హెడ్డుకీ మధ్య ఉండే సీలు, పోయి ఉంటుందని అన్నాడు, ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

చివరికి రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల షాపతను ఒక ఉస్తాద్ దగ్గరికి పంపాడు. ఆయన పానా ముట్టుకోలేదు. ముందు ఇంజన్ ఆయిల్ మూత తీసి కింది వైపు చూశాడు, నీళ్లు ఆయిల్లో కలిస్తే కట్టే మీగడలాంటిదేం లేదు. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించాడు, ఇంజన్ గ్యాస్ నీళ్లలోకి లీకైతే ఆగకుండా వచ్చే బుడగలూ లేవు. "గ్యాస్కెట్ మంచిగనే ఉంది సార్, టెన్షన్ వద్దు. మూత పెట్టిన, ఇగ ఏసీ వెయ్యిండ్రి, బంద్ చెయ్యకుండ్రి" అని స్టూలేసుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాలు! మొదట్లో ఫ్యాన్ బాగానే తిరిగింది. అరగంట దాటాక గొంతు మారింది, గుర్రుమంది, ఆగిపోయింది. ఆయన స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనక టక్కున ఒక్కటి కొట్టాడు, మళ్లీ తిరిగింది. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి, మోటార్ వేడెక్కితే పట్టేస్తోందట. షెడ్డు వాడు చూసింది ఐదు నిమిషాలే కదా.

మోటార్ మార్చి, కొత్త థర్మోస్టాట్ వేయించా. సిటీలో సమస్య పోయింది. అయిపోయిందనుకుని ఆదివారం అందరినీ ఎక్కించుకుని ఔటర్ మీద శంషాబాద్ వైపు వెళ్తే, వంద స్పీడులో మళ్లీ ముల్లు లేచింది! ఈసారి తిరగబడింది చూశావా, గాలికి కొదవ లేదు, అంటే నీళ్లే సరిగా పారట్లేదు. ఉస్తాద్ ఇంజన్ ఆపి, ఫ్యాన్ కనెక్షన్ తీసేసి, రేడియేటర్ మీద చెయ్యి అలా జరుపుకుంటూ పోయాడు. పైన కాలిపోతోంది, కింద కుడి మూల చల్లగా ఉంది, అక్కడికి నీళ్లే చేరట్లేదు. విప్పి చూస్తే సన్నటి గొట్టాల నోళ్లన్నీ తెల్లటి పెచ్చుతో మూసుకుపోయాయి, గోరుతో గీకితే సున్నంలా రాలింది.

ఇప్పుడు నిజం చెప్పు. నిజాంపేట ఫ్లాట్‌లో ఉన్నప్పుడు రేడియేటర్‌లో ఏం పోసేవాడివి? బోరు నీళ్లు! ఆ నీళ్లకి మన గీజర్ కాయిలే ఏడాది తిరక్కుండా పెచ్చు కట్టేది, బకెట్లకి తెల్ల చారలు పడేవి, అవే తీసుకెళ్లి చెంబులతో ఇందులో పోశావు కదరా. కూలెంట్ అంటే రంగు నీళ్లు అనేవాడివి. అందులో తుప్పు పట్టకుండా మందు ఉంటుందిరా బాబూ.

కొత్త రేడియేటర్ వేసి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశాం. అక్కడా ఒక తిరకాసు ఉంది. లోపల గాలి ఇరుక్కుంటే మళ్లీ వేడెక్కుతుందని, ఉస్తాద్ ముందు చక్రాలు కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ వేడి వైపు తిప్పి, చల్లటి ఇంజన్‌ని మూత తీసే స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా పోస్తూ నిలబడ్డాడు. ఇప్పటికి మూడు వారాలు, మొన్న మధ్యాహ్నం రెండింటికి పంజాగుట్టలో అరగంట ఇరుక్కున్నా ముల్లు సగం దాటలేదు.

పాత రేడియేటర్ పారేయలేదు, మిద్దె మీద పెట్టా. సంక్రాంతికి వస్తావుగా, నీ బోరు నీళ్ల ఘనకార్యం నీ కళ్లతోనే చూద్దువు. వచ్చేటప్పుడు రేడియేటర్ ఖర్చులో నీ సగం, 1,900 తెచ్చుకో. ఫ్యాన్ మోటార్ నేను పెట్టుకుంటాలే.

నీ,
కారు కొన్న వెధవ